ఎస్తేరు రాణి అకౌంట్‌లో నేను టైప్ చేసిన లైను

2006 జులైలో, రెండో సెమిస్టర్ మొదలవుతుండగా, ఆస్ట్రేలియాలో, పెర్త్ నగరంలోని ఒక యూనివర్సిటీ కంప్యూటింగ్ విభాగంలో నన్ను ల్యాబ్ డెమాన్‌స్ట్రేటర్‌గా తీసుకున్నారు. అప్పటికి నేను అక్కడే మాస్టర్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. డెమాన్‌స్ట్రేటర్ అంటే పెద్ద హోదా కాదు. ప్రతి సబ్జెక్టుకీ, అక్కడి మాటలో యూనిట్‌కీ, ఒక కోఆర్డినేటర్ ఉంటారు. పాఠం చెప్పేదీ, అసైన్‌మెంట్లు ఇచ్చేదీ, మార్కులు ఖాయం చేసేదీ ఆ కోఆర్డినేటరే. ఆ కింద ట్యూటర్లు, వాళ్ళ కింద మేము. ల్యాబ్‌లో విద్యార్థుల వెనక తిరుగుతూ, చెయ్యెత్తినవాళ్ళ దగ్గర ఆగి, వాళ్ళ ప్రోగ్రాం ఎందుకు నడవడం లేదో వాళ్ళే కనుక్కునేలా చేయడం మా పని. జీతం గంటల లెక్కన. మార్కులు వేసే అధికారం మాకు లేదు.

ఆ తరువాత నేను ఇదే నగరంలో గనుల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక సంస్థలో రిలీజ్ ఇంజినీరుగా చేరి, నిరుడు, వయసు ఇంకా యాభై దాటకముందే, స్వచ్ఛందంగా రిటైరయ్యాను. ప్రోగ్రామర్లు తమ కంప్యూటర్లలో రాసినది ఇతరుల కంప్యూటర్లలో కూడా అదే విధంగా నడిచేలా చూసేవాడు రిలీజ్ ఇంజినీరు. రాసినవాడి దగ్గర నడుస్తుంది, ఇంకొకరి దగ్గర నడవదు. నా ఉద్యోగమంతా ఈ ఒక్క తగాదా చుట్టూ తిరిగింది. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు అడిగినప్పుడల్లా నేను పెద్ద ప్రాజెక్టుల గురించి చెబుతూ వచ్చాను. ఈ పని నాకు నిజంగా అర్థమైన సందర్భాన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు. అందులో ఇంకొకరి పేరు పాడైంది. పాడుచేసినవాణ్ణి నేను.

ముందు ఆ ఎర్రర్ సంగతి చెప్పాలి. పైథాన్ అనే భాషలో ప్రోగ్రాం మొత్తాన్ని ఒకే ఫైల్లో రాయరు. పనిని విడగొట్టి ఒక్కో భాగాన్ని ఒక్కో ఫైల్లో పెడతారు. అలాంటి ఫైలును మాడ్యూల్ అంటారు. ప్రధాన ఫైల్లో ఇంపోర్ట్ అని రాసి పక్కన మాడ్యూల్ పేరు రాస్తే, పైథాన్ వెళ్ళి దాన్ని వెతికి తెస్తుంది. ఎక్కడెక్కడ వెతకాలో దానికి ఒక వరస ఉంటుంది. మొదట, ప్రధాన ఫైలు ఉన్న ఫోల్డరు. తరువాత, మనం మన అకౌంట్ సెట్టింగుల్లో ప్రత్యేకంగా చేర్చిన ఫోల్డర్లు. చివర, పైథాన్‌తో పాటు వచ్చినవి. ఈ వరసలో ఆ పేరు ఎక్కడ ముందు కనిపిస్తే దాన్నే తీసుకుంటుంది, ఇంకా ముందుకు వెళ్ళి చూడదు. ఎక్కడా కనిపించకపోతే ఆగిపోయి, ఇంపోర్ట్ ఎర్రర్ అని, ఫలానా పేరు గల మాడ్యూల్ లేదని చెబుతుంది.

మా కోఆర్డినేటర్ మార్గరెట్ ఈ ఎర్రర్‌ను ఎలా విప్పాలో మాకు సెమిస్టర్ మొదట్లోనే నేర్పారు. ఎర్రర్ చివరి లైనును ఆఖరి మాట దాకా విద్యార్థి చేతనే పైకి చదివించాలి. దొరకని మాడ్యూల్ పేరు ఆ లైన్లోనే ఉంటుంది. పైథాన్ ఎక్కడెక్కడ వెతుకుతోందో ప్రింట్ చేయించాలి. ఫైలు నిజంగా ఎక్కడ ఉందో చూసి రెండింటినీ పోల్చాలి. సరిచేశాక కూడా వదలకూడదు. వచ్చిన మాడ్యూల్‌ను నువ్వు ఏ ఫైలు నుంచి వచ్చావని అడగాలి. దానికి ఒక చిన్న ఆదేశం ఉంది, ఇస్తే మాడ్యూల్ తన చిరునామా చెబుతుంది. ఈ చివరి పని చాలామంది చేయరు. ఎర్రర్ పోయాక ఇంకా ఏమిటన్న ధీమా. వీటన్నిటి మీదా మార్గరెట్ పెట్టిన నిబంధన ఇంకొకటి ఉండేది. విద్యార్థి కీబోర్డు మీద డెమాన్‌స్ట్రేటర్ చెయ్యి పడకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమనేవారు. తానూ అలాగే నిలబడేవారు.

ఆస్ట్రేలియా పిల్లల దగ్గర, మలేషియా నుంచి వచ్చిన విద్యార్థుల దగ్గర నేనూ అలాగే నిలబడేవాణ్ణి. తెలుగువాళ్ళ దగ్గర నిలబడలేదు.

నా ల్యాబ్ శుక్రవారం మధ్యాహ్నం. నేను ఉంటానని తెలిసి మనవాళ్ళు చాలామంది ఆ ల్యాబ్‌నే ఎంచుకుని చివరి వరసలో కూర్చునేవారు. పెట్రోలు బంకుల్లో, కార్ వాష్‌లలో, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో షిఫ్టులు చేసి వచ్చేవాళ్ళు. ఎవరైనా "అన్నా, ఒక్కసారి ఇటు రావా" అంటే చాలు, పక్కవాడు లేచి కుర్చీ ఇచ్చేవాడు. నేను కూర్చుని నేనే టైప్ చేసేవాణ్ణి. ఒకసారి మార్గరెట్ చెప్పినట్టు చేతులు కట్టుకుని నిలబడి ప్రశ్నలు అడగబోతే, గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు పక్కవాడితో, "అన్న నిలబడితే పోదురా ఎర్రరు, కూర్చోబెట్టాలి" అన్నాడు. వరసంతా నవ్వింది. నేనూ నవ్వి కూర్చున్నాను. మనవాళ్ళని కూడా పరాయివాళ్ళలా ప్రశ్నలతో విసిగించడం నాకు మర్యాదగా అనిపించలేదు. నిజం చెప్పాలంటే, నన్ను అలా పిలవడం నాకు బాగుండేది కూడా.

ఆ వరసలో అందరికన్నా పెద్దది ఎస్తేరు రాణి. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్ముడూ అనేది. పాలకొల్లు దగ్గర ఒక మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేసి, భర్త ప్రభాకర్‌తో పెర్త్ వచ్చింది. నగర శివారు కానింగ్ వేల్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అతను ఆ దగ్గర్లోనే ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. ఆమె శని ఆదివారాల్లో వృద్ధుల కేంద్రంలో పని చేసుకుంటూ చదివేది. చదువు పూర్తి చేసి ఇక్కడి హైస్కూల్లో లెక్కలూ కంప్యూటరూ చెప్పాలన్నది ఆమె ఉద్దేశం. టీచరుగా పేరు నమోదు చేసుకోవాలంటే, చదువుకున్న చోట ఏదైనా క్రమశిక్షణ చర్యకు గురయ్యారా అని అడుగుతారు. అది ఆమెకు మొదటినుంచీ తెలుసు. అందుకే అసైన్‌మెంట్ల విషయంలో ఎవరి ఫైలూ అడిగేది కాదు, తనది ఎవరికీ ఇచ్చేది కాదు. నేను పక్కకు వచ్చినా కుర్చీ ఖాళీ చేసేది కాదు. చెప్పమనేది.

ఆ సెమిస్టర్ పెద్ద అసైన్‌మెంట్ బస్సుల టైంటేబుల్‌కి సంబంధించింది. ఒక స్టాపు నుంచి ఇంకో స్టాపుకి ఏ బస్సులు మారి వెళ్ళాలో ప్రోగ్రాం చెప్పాలి. టైంటేబుల్‌ను చదివి ఇచ్చే రీడర్ అనే మాడ్యూల్‌ను మార్గరెట్టే రాసి ఇచ్చారు. దారి కనుక్కునే రూట్స్ అనే మాడ్యూల్‌ను విద్యార్థులు రాయాలి. దిద్దడం సులువుగా ఉండడానికి ఫైళ్ళ పేర్లూ, వాటిలోని ఫంక్షన్ల పేర్లూ అందరికీ ఒకటే ఉండాలని ముందే నిర్ణయించారు. అసైన్‌మెంట్ ఎంత కష్టమో తెలియడానికి డెమాన్‌స్ట్రేటర్లం ముందుగా మేమే దాన్ని చేసి చూడాలి. నేనూ చేశాను. నా రూట్స్, మార్గరెట్ ఇచ్చిన రీడర్ రెండూ ల్యాబ్ సర్వర్‌లో నా ఫోల్డర్‌లో ఉన్నాయి. ఆ ఫోల్డరును ఇతరులు తెరవలేకుండా తాళం వేసి ఉంచమని మాకు చెప్పారు. నేను వేయలేదు.

వేయకపోవడానికి కారణం ఉంది. ఆ వారం చాలామందికి రీడర్ దొరకడం లేదన్న ఎర్రర్ వచ్చింది. ఇచ్చిన ఫైలును ఎక్కడో పెట్టి మరిచిపోవడం వల్ల వచ్చేది అది. మిగతా వరసల్లో వాళ్ళ చేత వెతికించి సరిచేయించాను. చివరి వరసలో మాత్రం ఒక్కొక్కరి అకౌంట్ సెట్టింగులు తెరిచి, నా ఫోల్డర్లో కూడా వెతకమని పైథాన్‌కి చెప్పే లైను ఒకటి టైప్ చేశాను. రీడర్ నా దగ్గర ఉంది కనుక దొరుకుతుంది. ఒక్క లైనుతో పని అయిపోతుంది. ఆ ఫోల్డర్లో నా రూట్స్ కూడా ఉందన్న ఆలోచన నాకు రాలేదు.

అలా వరుసగా చేసుకుంటూ పోతుంటే ఎస్తేరు అక్క చెయ్యెత్తింది.

"తమ్ముడూ, నాక్కూడా మాడ్యూల్ లేదంటుంది. కానీ నేను రూట్స్‌ని వేరే ఫోల్డర్లో పెట్టాను, మొన్న లెక్చర్‌లో చెప్పారు కదా అలాగ. దానివల్లేమో చూడవా" అంది.

"అదేం కాదక్కా. ఇయ్యాల అందరికీ ఇదే లొల్లి. కొంచెం జరుగు" అన్నాను.

ఆ ఒక్కసారి ఆమె జరిగింది. నేను కీబోర్డు అందుకుని ఆ లైను టైప్ చేసి ప్రోగ్రాం నడిపాను. నడిచింది.

"ఏం చేశావ్? చెప్పు, మళ్ళీ వస్తే నేనే చేసుకుంటాను."

"పాత్ సెట్ చేసిన. వర్క్ అయితుంది కదక్కా, వదిలెయ్."

"వర్క్ అవుతుంది గానీ, ఎందుకు రాలేదో తెలియాలి కదా. పిల్లలకి నేనిలా చెప్తే ఊరుకుంటారా?" అంటూనే ఆమె నవ్వింది. అప్పటికే పక్కవాడు నన్ను పిలిచాడు. వెళ్ళిపోయాను.

ఆమె తెర మీద ఎర్రర్ చివరి లైన్లో ఉన్నది రీడర్ కాదు, రూట్స్. అక్కడ ఆగి చివరి మాట చదివి ఉంటే తెలిసేది. ఆమె తన రూట్స్‌ను చక్కగా ఒక ఉప ఫోల్డర్లో పెట్టుకుంది. ఇందులో మాడ్యూళ్ళు ఉన్నాయని పైథాన్‌కి గుర్తుగా ఆ ఫోల్డర్లో ఒక ఖాళీ ఫైలు చేర్చి, ఇంపోర్ట్ లైనులో ఫోల్డరు పేరు కూడా రాస్తే సరిపోయేది. కారణం ఆమే నాకు చెప్పింది కూడా. నేను చేసిన పని వల్ల పైథాన్ మొదట ఆమె ప్రధాన ఫోల్డర్లో చూసింది, అక్కడ రూట్స్ లేదు. తరువాత నా ఫోల్డర్లో చూసింది. అక్కడ నా రూట్స్ దొరికింది. పేర్లన్నీ ముందే ఖాయం చేసినవి కాబట్టి నా ఫైలు ఆమె ప్రోగ్రాంలో ఇబ్బంది లేకుండా ఇమిడిపోయింది. వరసలో మిగతావాళ్ళు తమ రూట్స్‌ను ప్రధాన ఫైలు పక్కనే పెట్టుకున్నారు. వాళ్ళది ముందు దొరికేది, కాబట్టి వాళ్ళకేమీ కాలేదు. లెక్చర్‌లో చెప్పినట్టు చేసిన ఒక్క మనిషికే దెబ్బ తగిలింది.

ఆ రోజునుంచీ ఆమె తన రూట్స్ ఫైలును రాస్తూ, మారుస్తూ, నడుపుతూ పోయింది. నడిచింది ఆమె ఫైలు కాదు. నాది. ఎంత మార్చినా జవాబులు సరిగ్గానే వచ్చేవి. తను సరిగ్గా రాస్తున్నాననుకుంది. రాసేవాడికి తన తప్పు చూపించేది ఎర్రర్ ఒక్కటే. ఆమె తప్పు ఒక్కటి కూడా ఆమెకు కనిపించకుండా నేను నా ఫైలును అడ్డం పెట్టాను.

అసైన్‌మెంట్‌తో పాటు ప్రోగ్రాం ఇచ్చిన జవాబులను కూడా ప్రింట్ తీసి ఇవ్వాలి. దిద్దేటప్పుడు మార్గరెట్ ప్రతి ప్రోగ్రాంనీ ఏ సెట్టింగులూ లేని ఒక శుభ్రమైన అకౌంట్‌లో నడిపేవారు. ఎస్తేరు రాణి ప్రోగ్రాం అక్కడ రూట్స్ దొరకలేదని ఆగిపోయింది. అంతమాత్రానికి సున్నా వేసే మనిషి కాదు ఆవిడ. తానే ఆ ఖాళీ ఫైలు చేర్చి, ఇంపోర్ట్ లైను సరిచేసి మళ్ళీ నడిపారు. ఈసారి ఆమె రూట్స్ దొరికింది, కానీ మొదటి పేజీలోనే ఒక తప్పు దగ్గర ఆగింది. చిన్న తప్పే. ఒక్కసారి నడిపి చూసినా బయటపడేది. ప్రింట్ తీసిన జవాబులు మాత్రం అన్నీ సరైనవి. ఒక్కసారి కూడా నడవని ఫైలు నుంచి అన్ని సరైన జవాబులు ఎలా వచ్చాయన్నది మార్గరెట్ ప్రశ్న. ఎస్తేరు రాణి అకౌంట్ తెరిచి చూస్తే నా ఫోల్డర్‌ను చూపించే లైను కనిపించింది. డెమాన్‌స్ట్రేటర్ దగ్గరున్న జవాబును దొంగతనంగా వాడుకుంది అన్నదానికి అంతకన్నా స్పష్టమైన ఆధారం ఎవరికీ అక్కర్లేదు.

మార్గరెట్ నన్ను తన గదికి పిలిచి ఇదంతా చెప్పారు. ఆవిడ మాట పూర్తి కాకముందే ఏం జరిగిందో నాకు అర్థమైంది. ఫోల్డరుకి తాళం ఎందుకు లేదని అడిగారు. మరిచిపోయానన్నాను. జవాబును ఎవరికైనా ఇచ్చావా అని అడిగారు. ఎవరికీ ఇవ్వలేదన్నాను. మాటకు మాటగా చూస్తే అది అబద్ధం కాదు. నేను ఫైలు ఇవ్వలేదు. ఆవిడ నన్ను నమ్మి, ఇకముందు తాళం వేయమని చెప్పి పంపారు. ఆ లైను నేనే టైప్ చేశానని చెప్పడానికి ఆ గదిలో నాకు కావలసినంత సమయం ఉంది.

ఆ శనివారం ఉదయం ఎస్తేరు అక్క డ్యూటీకి వెళ్తూ మా ఇంటికి వచ్చింది. నేనూ కరీంనగర్ నుంచి వచ్చిన శ్రీకాంత్ అనే స్నేహితుడూ అప్పుడు కానింగ్ వేల్‌లోనే ఒక ఇంట్లో ఉండేవాళ్ళం. సంరక్షణ కేంద్రం యూనిఫాంలో ఉంది. కూర్చోలేదు.

"ఆ రోజు నువ్వేం టైప్ చేశావో నాకు అర్థమయ్యేట్టు చెప్పు తమ్ముడూ. బుధవారం నన్ను విచారణ ప్యానెల్ ముందుకి రమ్మన్నారు. ఆ లైను నీదని నాకు తెలుసు, కానీ అదేం చేస్తుందో నాకు తెలీదు. తెలీకుండా వాళ్ళకేం చెప్పను?"

నేను చెప్పలేదు. రీడర్ కోసం ఏదో చేశాను, సరిగ్గా గుర్తులేదన్నాను. అంతటితో ఆగకుండా సలహా కూడా ఇచ్చాను.

"తెలువక చేసిన అని ఒప్పుకో అక్కా. ఫస్ట్ టైం కదా, వార్నింగ్ ఇచ్చి వదిలేస్తరు."

"కాపీ కొట్టిన పిల్లల్ని నేను హెడ్‌మాస్టర్ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. చెయ్యని పని చేశానని ఎలా ఒప్పుకుంటాను?" అంది. "వాళ్ళడిగితే నీ పేరు చెప్తాను. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననుకోకు."

ఆమె వెళ్ళాక శ్రీకాంత్ తన అభిప్రాయం చెప్పాడు. "నువ్వు ఒప్పుకున్నవంటే జాబ్ పోతది, మార్గరెట్ రిఫరెన్స్ పోతది, పీఆర్ వచ్చి ఈడ ఉండుడు గూడ కష్టమే. ఆమెకేం, మళ్ళొక సెమిస్టర్ రాసుకుంటది." నేను అతని మాట విని అలా చేశానని చెప్పుకోను. అతను అనకముందే నిర్ణయించుకున్నాను. అతను దానికి కారణాలు అందించాడు.

ప్యానెల్‌లో ముగ్గురు ఉన్నారు. అందరూ ఇతర విభాగాలవాళ్ళు, కంప్యూటింగ్ తెలిసినవాళ్ళు ఒక్కరే. ఎస్తేరు రాణి తనకు తెలిసినది తెలిసినట్టు చెప్పిందట. ల్యాబ్‌లో ఎర్రర్ వస్తే డెమాన్‌స్ట్రేటర్ సరిచేశాడని, ఏం చేశాడో తనకు తెలియదని, ఆ తరువాత ప్రోగ్రాం ఎన్నిసార్లు నడిపినా జవాబులు వచ్చాయని. నన్ను పిలిచి, అది నిజమేనా అని అడిగారు. ఆ వారం చాలామందికి సాయం చేశానని, ఒక్కొక్కరి దగ్గర ఏం చేశానో గుర్తులేదని చెప్పాను. విద్యార్థుల కీబోర్డు ముట్టుకోకూడదన్నది మా నిబంధన కాబట్టి ఆ లైను నేను టైప్ చేసి ఉండే అవకాశం లేదని కూడా చెప్పాను. నిబంధన ఉన్నదన్న సంగతినే నిబంధన పాటించానన్నదానికి రుజువుగా చూపించాను. వాళ్ళు అది రాసుకున్నారు. చివరి వరసలో ఇంకా కొందరి అకౌంట్లలో అంతకుముందు అదే లైను ఉండేది. అది చూస్తే నిజం తెలిసిపోయేది. చూడమని ఎవరూ అడగలేదు. వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. ప్యానెల్ ముందుకు వెళ్ళే లోపల నేనే ఆ విద్యార్థుల దగ్గరికి వెళ్ళి, ఇక అవసరం లేదులే అంటూ ఆ లైను తీసేశాను.

ఈ చివరి సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ల్యాబ్‌లో జరిగింది పొరపాటు. ఇది పొరపాటు కాదు.

ఆమెను ఆ యూనిట్‌లో ఫెయిల్ చేశారు. అకడమిక్ మిస్‌కాండక్ట్, అంటే చదువులో నిజాయితీ తప్పడం అని రికార్డులో రాశారు. ఆమె ఆ యూనిట్‌ను మళ్ళీ చేసి, మంచి మార్కులతోనే పాసై, డిగ్రీ తెచ్చుకుంది. నేను మార్గరెట్ రిఫరెన్స్‌తో ఉద్యోగంలో చేరాను. మనవాళ్ళలో కథ వేరే విధంగా స్థిరపడింది. ఎస్తేరు రాణి నా జవాబు కాపీ కొట్టి, దొరికిపోయాక నా మీదికి నెట్టబోయిందని. ఆ కథను నేను చెప్పలేదు. ఎవరైనా చెప్పినప్పుడు కాదనలేదు.

ఉద్యోగంలో నాకు మంచి పేరే వచ్చింది. మా సంస్థ నుంచి బయటికి వెళ్ళే ప్రతి ప్రోగ్రాం, మొదలయ్యేటప్పుడు తనలోని ప్రతి మాడ్యూల్ ఏ ఫైలు నుంచి వచ్చిందో ప్రకటించాలని నేను నియమం పెట్టాను. కొత్తవాళ్ళు దాన్ని నా చాదస్తం అనేవారు. కొన్నాళ్ళకు ఇతర విభాగాలు కూడా పాటించాయి. ఆ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే అనుభవం అనేవాణ్ణి.

నిరుడు హారిస్‌డేల్‌లో ఒక పార్కులో మనవాళ్ళ కుటుంబాలు బార్బెక్యూకి కలిశాయి. యూనివర్సిటీలో చేరబోతున్న పిల్లలకు పెద్దలు జాగ్రత్తలు చెబుతున్నారు. శ్రీకాంత్ నన్ను చూపించి ఆ పాత కథ ఎత్తుకున్నాడు. మనవాళ్ళకు సాయం చేయబోయి ఈ అంకుల్ ఎలా ఇరుక్కోబోయాడో చెప్పి, "అందుకే, అసైన్‌మెంట్ల జోలికి ఎవరినీ రానియ్యకుండ్రి" అని ముగించాడు. అతని స్నేహితుడి కూతురు, ఇక్కడే పుట్టిన అమ్మాయి, ఇంగ్లీషులో అడిగింది.

"బట్ వాట్ డిడ్ షీ సే, అంకుల్? డిడ్ ఎనీవన్ చెక్?"

శ్రీకాంత్ నవ్వి, "ఆమె ఏం చెప్తదమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. నేను పొయ్యి మీది చికెన్ తిప్పుతున్నాను. ఆ పని ఆపలేదు.

ఆ తరువాతి వారం ప్రభాకర్ నంబరు సంపాదించి ఫోన్ చేసి, వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళు ఇప్పుడూ కానింగ్ వేల్‌లోనే ఉన్నారు, సొంత ఇంట్లో. ఎస్తేరు రాణి అదే సంరక్షణ కేంద్రంలో సిబ్బంది డ్యూటీలు చూసే మేనేజరు. టీచరుగా నమోదుకు ఒకసారి దరఖాస్తు పెట్టిందట. రికార్డులో ఉన్నదాని గురించి వివరణ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసింది. దాన్ని ధ్రువీకరించగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఆమె దరఖాస్తు వెనక్కి తీసుకుంది.

"మీకు ఫోన్ చేద్దామని ఈయనన్నారు. నేనే వద్దన్నాను" అంది. నన్ను మీరు అంది.

నేను మొత్తం చెప్పాను. మిగతావాళ్ళ అకౌంట్లలో లైను తీసేసిన సంగతితో సహా. అంతా విన్నాక ఆమె అడిగింది.

"ఇదంతా నాకెందుకండీ చెప్తున్నారు? ఆ లైనేం చేసిందో రెండోసారి యూనిట్ చేసినప్పుడే నాకు తెలిసిపోయింది. మాడ్యూల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగడం మార్గరెట్టే నేర్పించారు. వాళ్ళవి తీసేసిన సంగతి మాత్రం తెలీదు." అని, "నాకు కాదు. తెలియనివాళ్ళకి చెప్పండి" అంది.

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ప్రభాకర్ టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. తాగి వచ్చేశాను. గుమ్మం దగ్గర, రాస్తే పేరు మార్చి రాయనా అని అడిగాను. "మార్చి రాస్తే ఎవరి గురించో ఎవరికి తెలుస్తుందండీ?" అంది.

యూనివర్సిటీకి సంతకం పెట్టి వాంగ్మూలం పంపాను. అప్పటి విచారణ కాగితాలు ఇప్పుడు లేవని, కాబట్టి నిర్ణయాన్ని తిరగతోడే వీలు లేదని జవాబు వచ్చింది. మళ్ళీ రాశాను, అదే జవాబు. హారిస్‌డేల్‌లో ఆ రోజు ఉన్న కుటుంబాలన్నిటికీ విడివిడిగా చెప్పాను. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి కూడా. ఇప్పుడెందుకు ఇదంతా అని శ్రీకాంత్ విసుక్కున్నాడు. ఆమె వయసులో ఇప్పుడు టీచరు ఉద్యోగం మొదలుపెట్టే అవకాశం లేదు. నేను చెప్పినందువల్ల ఆమెకు తిరిగి వచ్చేది పేరు ఒక్కటే. అది కూడా విన్నంతమంది దగ్గరే.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు పనికొచ్చే సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి. ఎర్రర్ పోయినంత మాత్రాన కారణం పోయినట్టు కాదు. నడుస్తున్నది ఎవరి ఫైలో చూడకుండా ఏ మరమ్మతూ పూర్తి కాదు. పరాయివాళ్ళకు పద్ధతి ప్రకారం, మనవాళ్ళకు చేతికొచ్చినట్టు చేస్తే, నష్టపోయేది మనవాళ్ళే. నేను మలేషియా అబ్బాయికి ఇచ్చిన శ్రద్ధ ఎస్తేరు రాణికి ఇవ్వలేదు. ఇక విచారణ విషయానికి వస్తే, ఎవరు టైప్ చేశారని అడిగినప్పుడు నిబంధన ఏమిటో చెప్పడం జవాబు కాదు. టైప్ చేసింది నేను. ఆమె ఎవరి జవాబూ దొంగిలించలేదు, ప్యానెల్ ముందు ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ గదిలో అబద్ధం చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే.